సూదిమందు కాదు, సూదే మందా?



మా బడి నారాయణగూడలో ఉంది. ఒకనాడు తొమ్మిదో తరగతిలో నాడీమండలం పాఠం చెబుతుండగా, వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు.

"సార్! మా నానమ్మకు రెండు మోకాళ్లూ నొప్పులు. కోఠీలో బస్సెక్కాలంటే ఆ మొదటి మెట్టు మీద కాలు మోపలేక కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. సూదులు గుచ్చే వైద్యం ఒకటుందని ఎవరో చెప్పారు. మందేమీ ఉండదట, ఉత్త సూదులేనట! మా పక్కింటావిడకు తగ్గిందట. డబ్బు కట్టాలా వద్దా అని నాన్న ఆలోచిస్తున్నారు. నానమ్మేమో సూదులు మొదలుపెడితే ఇక బిళ్లలు మానేస్తానంటోంది. అది నిజంగా పనిచేస్తుందా సార్?"

తరగతి అంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాతికేళ్లుగా నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పినవాణ్ణి, నా మోకాళ్లూ సాయంత్రానికి సలుపుతూనే ఉంటాయి. పైగా ఆ కుర్రవాడు అడిగినది ఒక ప్రశ్న కాదు, మూడు. మోకాలు ఎందుకు నొప్పి పెడుతుంది? సూది గుచ్చితే నొప్పి పుట్టాలిగాని తగ్గడమేమిటి? ఒకవేళ తగ్గితే, సూది వల్లనే తగ్గిందని తెలుసుకోవడం ఎలా? ఈ మూడింటిలోనూ చివరిదే కష్టమైనది. వరుసగా చూద్దాం.

మోకాలు అరిగిపోతుందా?

మన శరీరంలోని కీళ్లలో మోకాలు అన్నిటికంటే పెద్దది. పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందు కాపలా కాస్తున్నట్టు మోకాలి చిప్ప. ఎముకా ఎముకా నేరుగా రాసుకోకుండా వాటి కొనలకు నున్నని మృదులాస్థి తొడుగు ఉంటుంది. దాని మందం కొద్ది మిల్లీమీటర్లే. కీలు చుట్టూ ఉన్న సంచీలో జిగురుగా ఒక ద్రవం ఊరుతూ, బండి ఇరుసుకు కందెన పూసినట్టు, ఆ కీలును తడిగా ఉంచుతుంది.

ఈ మృదులాస్థికి రక్తనాళాలు లేవు. అందువల్ల దెబ్బతింటే తిరిగి కోలుకోవడం బహు కష్టం. వయసు మీదపడటం, బరువు పెరగడం, ఎప్పుడో తగిలిన పాత దెబ్బలు, వంశపారంపర్యం – ఇవన్నీ కలిసి ఆ తొడుగును క్రమంగా పలచబరుస్తాయి. కింది ఎముక గట్టిపడి, అంచుల్లో ముళ్లలా పెరుగుతుంది. కీలు లోపలి పొర వాస్తుంది. దీన్ని డాక్టర్లు ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటారు. వాడుకలో మనం "మోకాళ్లు అరిగిపోయాయి" అంటాం. కాని ఇది చెప్పుల అడుగు అరిగినంత సులువైన సంగతి కాదు. కీలు మొత్తం మారిపోయే వ్యాధి ఇది.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. మృదులాస్థికి నాడులు కూడా లేవు! మరి నొప్పి ఎక్కడిది? దాని కింది ఎముక నుంచి, లోపలి పొర నుంచి, చుట్టూ ఉన్న స్నాయువుల నుంచి వస్తుంది. అందుకే ఎక్స్‌రేలో కీలు బాగా చెడినట్టు కనిపించినా కొందరు హాయిగా నడుస్తారు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనిపించని మరికొందరు మెట్లెక్కలేక బాధపడతారు. నొప్పి ఎంత అన్నది మోకాలు ఒక్కటే తేల్చే విషయం కాదన్నమాట. వెన్నుపాము, మెదడు కూడా ఆ లెక్కలో చేయి పెడతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

సూదుల వైద్యం కథ

లాటిన్ భాషలో "అకస్" అంటే సూది, "పంక్చురా" అంటే గుచ్చడం. సైకిలు ట్యూబుకు పడే పంక్చరు కూడా ఆ మాటకు చుట్టమే. రెండూ కలిపి ఆక్యుపంక్చర్ అన్నారు. ఇది చైనాలో రెండువేల ఏళ్లకు పైగా ఉన్న వైద్యం. ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది, అందులోంచి మందు పోతుంది. ఆక్యుపంక్చర్ సూది అలా కాదు. అది బోలు లేని సన్నని ఉక్కు తీగ. దాని మందం సుమారు పావు మిల్లీమీటరు. గుచ్చి ఇరవై ముప్ఫయి నిమిషాలు అలాగే ఉంచుతారు. వారానికి ఒకటి రెండుసార్ల చొప్పున కొన్ని వారాల పాటు చేస్తారు.

శరీరంలో "చీ" అనే ప్రాణశక్తి పన్నెండు ముఖ్యమైన దారుల్లో ప్రవహిస్తుందనీ, ఆ దారికి అడ్డు పడితే జబ్బు చేస్తుందనీ, సరైన చోట సూది గుచ్చితే అడ్డు తొలగుతుందనీ ప్రాచీన చైనా వైద్యుల భావన. మోకాలి చిప్పకు కింద, నాలుగు వేళ్ల దూరంలో, కాలికి బయటి వైపున "జుసాన్లీ" అనే ప్రసిద్ధమైన చోటు ఒకటుంది. అయితే శరీరాన్ని కోసి చూసిన శాస్త్రజ్ఞులెవరికీ ఈ దారులు కనిపించలేదు. దారులు లేకపోతే సూది పనిచేయదనుకోవచ్చునా? అనుకోకూడదు. వివరణ తప్పయినా ఫలితం నిజం కావచ్చు. అలాగే వివరణ ఎంత అందంగా ఉన్నా ఫలితం శూన్యమూ కావచ్చు. పరీక్షించి చూడవలసిందే.

ఈ వైద్యం మన దేశానికి రావడం వెనుక ఒక మంచి కథ ఉంది. జపాను దాడితో చైనా ప్రజలు నలిగిపోతున్నప్పుడు, 1938లో మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్ల బృందం సాయానికి వెళ్లింది. షోలాపూరుకు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే సేవ చేస్తూ 1942లో కన్నుమూశారు. ఆయన సహచరుడు, కలకత్తాకు చెందిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు తరువాతి కాలంలో మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకొని వచ్చి, 1959 ప్రాంతంలో కలకత్తాలో మొదలుపెట్టారు. పడమటి దేశాల్లో దీనికి పేరు వచ్చింది 1971లో. జేమ్స్ రెస్టన్ అనే అమెరికా విలేఖరికి పెకింగులో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే చేశారు. తరువాత కడుపు ఉబ్బరించి బాధపడుతుంటే సూదులు గుచ్చారు. ఆ సంగతి ఆయన తన పత్రికలో రాశాడు. అది నోటా నోటా పడి, "సూదులు గుచ్చి, మత్తు లేకుండానే పొట్ట కోశారట!" అన్నంత దాకా పెరిగిపోయింది. కబుర్లు ఎలా పెరుగుతాయో చూశారా!

సూది గుచ్చితే నొప్పి తగ్గడమేమిటి?

మీరే ఒక చిన్న పరిశీలన చేయండి. ఈసారి బల్ల అంచు మోచేతికి తగిలినప్పుడు మీ రెండో చేయి ఏం చేస్తుందో గమనించండి. ఎవరూ చెప్పకుండానే దెబ్బ తగిలిన చోట గబగబా రుద్దుతుంది. రుద్దితే కాస్త హాయిగా ఉంటుంది కూడా. ఎందుకని?

1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి ఒక సిద్ధాంతం చెప్పారు. నొప్పి వార్త నాడుల వెంట వెన్నుపాము చేరి, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంది. రుద్దినప్పుడు పుట్టే స్పర్శ వార్తలు లావుపాటి నాడుల్లో వేగంగా వచ్చి, ఆ గేటును కొంత మూసివేస్తాయి. వెనక వస్తున్న నొప్పి వార్తలో కొంత భాగమే లోపలికి పోతుంది. ఈ సిద్ధాంతంలోని వివరాలను తరువాతి పరిశోధనలు చాలా సవరించాయి. అయినా నొప్పి మెదడుకు చేరే దారిలోనే హెచ్చుతగ్గులు కాగలదన్న మూల విషయం నిలిచింది.

1975లో మరో ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. స్కాట్లండులోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనే పరిశోధకులు, నల్లమందులోని మార్ఫిన్ లాగే పనిచేసే పదార్థాలను మెదడే తయారు చేసుకుంటుందని కనుగొన్నారు. ఈ జాతి పదార్థాలను ఎండార్ఫిన్లు అంటారు. మన లోపలే ఒక మందుల దుకాణం ఉందన్నమాట! మార్ఫిన్‌కు విరుగుడుగా నాలోక్సోన్ అనే మందుంది. అది ఇస్తే సూదుల వల్ల కలిగిన ఉపశమనం తగ్గిపోయిందని 1977లో ఒక ప్రయోగం చూపింది. అంటే సూది గుచ్చినప్పుడు ఆ దుకాణం తలుపు తెరుచుకుంటున్నదని అర్థం.

"అయితే తేలిపోయింది కదా సార్!" అన్నారు మా పిల్లలు. ఆగండి. మరుసటి ఏడాదే ఇంకొక ప్రయోగం జరిగింది. పన్ను పీకించుకున్న రోగులకు మందు అని చెప్పి, మందేమీ లేనిది ఇచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. వారికి నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం కూడా తగ్గిపోయింది! అంటే ఆ దుకాణం సూదికే కాదు, "నాకు వైద్యం జరుగుతోంది" అన్న నమ్మకానికి కూడా తెరుచుకుంటుంది. ఇలాంటి ఉత్తుత్తి మందును ప్లాసిబో అంటారు. ప్లాసిబోతో తగ్గిన నొప్పి అబద్ధపు నొప్పి కాదు సుమా! ఆ ఉపశమనం నిజమైనదే. కాని అది ఫలానా చోట గుచ్చిన ఫలానా సూది మహిమ మాత్రం కాదు.

పక్కింటావిడకు తగ్గిందంటే చాలదా?

చాలదు. ఎందుకో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం చేయండి. మీ ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని బతిమాలి, నెల రోజుల పాటు రోజూ రాత్రి నొప్పికి పదికి ఎన్ని మార్కులో అడగండి. వైద్యం ఏమీ మార్చవద్దు. ఆ మార్కులను గ్రాఫు కాగితం మీద గుర్తించి గీత గీయండి. ఆ గీత ఒక రోజు ఎక్కుతుంది, ఒక రోజు దిగుతుంది. ఇప్పుడు వారినే అడగండి: "ఈ నెలలో ఏ రోజున డాక్టరు దగ్గరికి పోవాలనిపించింది?" వారు చాలావరకు గీత బాగా ఎక్కిన రోజునే చూపిస్తారు. ఆ శిఖరం తరువాత గీత ఎలాగూ దిగవలసిందే కదా! ఆ రోజు సూది గుచ్చుకున్నా, తాయెత్తు కట్టించుకున్నా, ఊరికే కూర్చున్నా దిగేదే. ఆ పుణ్యం మాత్రం ఆ రోజు చేసిన పనికి దక్కుతుంది.

ఇలా పొరపాటు పడేది మామూలు మనుషులే అనుకోకండి. నొప్పినీ మత్తునూ గురించిన పరీక్షలకు మన కోఠీ పరిసరాల్లోనే ఒక పాత కథ ఉంది. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న కోఠీ రెసిడెన్సీలో ఆ రోజుల్లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఉండేవాడు. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతి కూడా ఆయనే. ఆ రోజుల్లో ఆపరేషన్లకు క్లోరోఫారం మత్తు ఇచ్చేవారు. ఒక్కొక్కసారి రోగి బల్ల మీదనే హఠాత్తుగా చనిపోయేవాడు. క్లోరోఫారం గుండెకు హాని చేయదనీ, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలుననీ లారీకి గట్టి నమ్మకం. ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. రెండోదానికి లండన్‌లోని "లాన్సెట్" పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పండితుడు స్వయంగా వచ్చాడు. మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరుగా పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలో ఇక్కడి వైద్యపాఠశాలలో చదివినవారే. వందల కొద్దీ జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ మాటే నిజమని తేల్చారు.

ఇరవై ఏళ్లు గడిచాయి. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, మత్తు ఎక్కువైనప్పుడు కాదు, చాలీచాలకుండా ఉన్నప్పుడే క్లోరోఫారం గుండె లయ తప్పించి హఠాత్తుగా ఆపివేయగలదని ప్రయోగం చేసి చూపాడు. హైదరాబాదులో చేసిన ప్రయోగాలు ఎక్కువగా ముదురు మత్తు మీద జరిగాయి. ప్రమాదం ఉన్న చోట వారు వెతకనే లేదు. ప్రయోగాలు వందలు చేసినంత మాత్రాన చాలదు. మన నమ్మకం తప్పయితే అది బయటపడేటట్టు ప్రయోగాన్ని అమర్చాలి. కోఠీ మనకు నేర్పే పాఠం ఇదే.

నాటకాల కత్తి, నాటకాల సూది

మరి సూది విషయంలో అలాంటి పరీక్ష ఎలా చేయాలి? ఉత్తుత్తి బిళ్ల తయారు చేయడం సులువే, ఉత్తుత్తి సూది ఎలా? నాటకాల్లో పొడిస్తే పిడిలోకి పోయే కత్తిని చూశారు కదా! 1998లో జర్మనీలో స్ట్రైట్‌బెర్గర్ అనే డాక్టరు సరిగ్గా అలాంటి సూదినే వాడాడు. చర్మానికి తగిలి చురుక్కుమంటుంది, కాని లోపలికి దిగదు, పిడిలోకి జారుకుంటుంది. రోగి మాత్రం గుచ్చారనే అనుకుంటాడు. ఇంకొక పద్ధతిలో నిజమైన సూదినే వాడతారు. కాని శాస్త్రం చెప్పిన చోట కాక వేరే చోట, పైపైన గుచ్చుతారు. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు.

జర్మనీలో మోకాలి నొప్పి ఉన్న 1007 మందితో ఇలాంటి పరీక్ష చేసి, 2006లో ఫలితాలు ప్రకటించారు. అందరికీ అవసరాన్ని బట్టి వ్యాయామ చికిత్స, నొప్పి బిళ్లలు ఉన్నాయి. ఒక గుంపుకు అదనంగా సంప్రదాయం ప్రకారం సూదులు. రెండో గుంపుకు తప్పు చోట పైపైన సూదులు. మూడో గుంపుకు సూదులు లేవు. ఆరు నెలల తరువాత చూస్తే బాగా మెరుగైనవారు మొదటి గుంపులో నూటికి 53 మంది, రెండో గుంపులో 51 మంది, మూడో గుంపులో 29 మంది.

ఈ మూడు అంకెలనూ నల్లబల్ల మీద రాసి, ఏం తెలిసిందో చెప్పమని పిల్లలను అడిగాను. "సూదులు పనిచేశాయి" అన్నారు సగం మంది. "సరైన చోటుకూ తప్పు చోటుకూ తేడా లేదు" అన్నారు మిగతా సగం. ఇద్దరిదీ నిజమే! సూదులు వేయించుకున్నవారికి ఎక్కువ మేలు జరిగింది. కాని ఎక్కడ గుచ్చారన్నది లెక్కలోకి రాలేదు.

అన్ని పరీక్షలూ ఒకే మాట చెప్పలేదు. 570 మందితో అమెరికాలో జరిగిన పరీక్ష 2004లో వెలువడింది. అందులో అసలు సూది ఉత్తుత్తి సూది కంటే కొంత మెరుగని తేలింది. 282 మందితో ఆస్ట్రేలియాలో జరిగి 2014లో వెలువడిన పరీక్షలో మెరుగు కనిపించలేదు. దీర్ఘకాలపు నొప్పుల మీద జరిగిన 39 పరీక్షలనూ, వాటిలోని 20,827 మంది రోగుల వివరాలనూ కలిపి 2018లో లెక్క వేశారు. అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ మధ్య తేడా ఉంది, కాని చిన్నది. సూదులు వేయించుకున్నవారికీ అసలే వేయించుకోనివారికీ మధ్య తేడా అంతకంటే పెద్దది. సూదులు గుచ్చే వైద్యుడికి తన చేతిలో ఉన్నది ఏదో తెలుసు కాబట్టి, ఆ చిన్న తేడాలోనూ కొంత ఆయన మాట తీరు వల్ల వచ్చి ఉండవచ్చు.

అందుకే ఇవే లెక్కలు చూసి పండితులు రెండు రకాలుగా చెప్పారు. 2019లో అమెరికా కీళ్లవ్యాధుల నిపుణుల సంఘం, మోకాలి నొప్పికి కావాలంటే ప్రయత్నించవచ్చునని ఆచితూచి సలహా ఇచ్చింది. 2022లో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ, ఈ కీళ్లవ్యాధికి ఆక్యుపంక్చర్ ఇవ్వవద్దన్నది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో దీన్ని ఒక చికిత్సా విధానంగా అనుమతించింది. అనుమతి ఉండటం వేరు, ఫలానా జబ్బుకు పనిచేస్తుందని రుజువు కావడం వేరు.

తోడుగా సరే, బదులుగా వద్దు

సూదులు వేయించుకున్నా పలచబడిన మృదులాస్థి తిరిగి పెరగదు. మహా అయితే నొప్పి కొంత తగ్గుతుంది. కాబట్టి ఇది తోడు వైద్యమే గాని అసలు వైద్యానికి బదులు కాదు. రెండు దేశాల నిపుణులూ ఏకాభిప్రాయంతో చెప్పేవి రెండు: వ్యాయామం, బరువు అదుపు. శరీరం బరువు ఒక కిలో తగ్గితే, నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్క కట్టారు. తొడ కండరాలు బలంగా ఉంటే కీలు మీద ఒత్తిడి తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాచి, అయిదు లెక్కపెట్టే దాకా ఉంచి, మెల్లగా దించడం తేలికైన వ్యాయామం. డాక్టరును అడిగి మొదలుపెట్టవచ్చు.

సూదులే వేయించుకోదలచుకుంటే మూడు విషయాలు చూసుకోవాలి. సూది కొత్త పొట్లంలోంచి మీ కళ్ల ముందే తీసి, ఒక్కసారి వాడి పారేయాలి. లేకపోతే ఒకరి రక్తంలోని హెపటైటిస్ బి వంటి జబ్బులు మరొకరికి అంటుకోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు ముందుగా ఆ సంగతి చెప్పాలి. డాక్టరు రాసిన బిళ్లలు ఆయనను అడగకుండా మానకూడదు. ముఖ్యంగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే మరో రకం కీళ్లవాతంలో సరైన మందులు ఆలస్యమైతే కీళ్లు శాశ్వతంగా వంకరపోతాయి. ఇక జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, కిందపడిన తరువాత కాలు మోపలేకపోయినా, మీ వంటి పిల్లలకు కీళ్లు వాచినా సూదుల మాట తలపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ కుర్రవాడు ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకొని ఇంటికి వెళ్లాడు. వారి నాన్నగారు లెక్క చూసుకొని, ముందు డాక్టరును అడిగి, ఆరుసార్లు సూదులు వేయించారట. నానమ్మ బిళ్లలు మానలేదు. రోజూ సాయంత్రం టీవీ ముందు కుర్చీలో కాళ్లు చాచడం మనవడే దగ్గరుండి లెక్కపెట్టి చేయించాడు. రెండు నెలల తరువాత వాడు పరుగున వచ్చి చెప్పాడు:

"సార్! నానమ్మ నిన్న కోఠీలో తనంతట తానే బస్సెక్కింది! దేనివల్ల తగ్గిందో మీ సారునే అడుగు అంది."

"చాలా సంతోషంరా. కాని దేనివల్లనో నేను చెప్పలేను. మీ నానమ్మ ఒక్కరే కదా! సూదులా, బిళ్లలా, వ్యాయామమా, పక్కన కూర్చుని లెక్కపెట్టిన మనవడా – ఒక్కరిని చూసి విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు," అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "అయితే వ్యాయామం మాత్రం మాన్పించను సార్. దానికి డబ్బు ఖర్చు లేదు," అన్నాడు.

పాఠం అర్థమైందనిపించింది.